కార్తెలు, వానలు, సీతాకోకచిలుకలు: ఆళ్లగడ్డ – నంద్యాల ప్రాంత ఋతుచక్రంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వాతావరణ మార్పు సీతాకోకచిలుకల సంఖ్యపైనా, అవి కనిపించే కాలంపైనా చూపే ప్రభావాన్ని సాధారణంగా జీవశాస్త్ర విషయంగానే పరిగణిస్తారు. నల్లమల పాదంలోని ఆళ్లగడ్డ – నంద్యాల ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని, ఇది చరిత్రకూ భాషకూ కూడా చెందిన విషయమని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది. ఈ ప్రాంతంలో సీతాకోకచిలుకల కాలాన్ని నిర్ణయించేది నెల కాదు, వాన. ఋతువును లెక్కలోకి తీసుకోకపోతే జీవిని తప్పుగా చదువుతామన్నది శాస్త్రచరిత్ర నేర్పిన పాఠం. తెలుగువారి కార్తెల కాలమానం ఈ పరిశీలనకు ఎంతవరకు ఉపకరిస్తుందో, దాని పరిమితులేమిటో ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: సీతాకోకచిలుక, కార్తె, నైరుతి ఋతుపవనాలు, నల్లమల, ధాత కరువు, ఋతురూపాలు, కుందూ నది.

1. ఉపోద్ఘాతం

"మా చిన్నతనంలో ఎన్ని సీతాకోకచిలుకలో! ఇప్పుడేవీ?" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ మాటలో నిజం ఉండవచ్చు. కాని అది ఏ నెలలో అన్నమాట? ఆ ఏడు వాన ఎప్పుడు పడింది? పోల్చుతున్న రెండు సంవత్సరాల్లో ఒకటి కరువు సంవత్సరమా? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా తగ్గుదలను నిర్ధారించడం సాధ్యం కాదు. పెరుగుదలకూ ఇదే వర్తిస్తుంది. మంచి వాన పడిన ఏడు కనిపించిన సమృద్ధిని చూసి అంతా బాగుందనుకోవడం కూడా అంతే తొందరపాటు.

ఐరోపాలో ఈ చర్చకు దీర్ఘకాలపు లెక్కలు ఆధారంగా నిలిచాయి. బ్రిటన్‌లో ఎర్నెస్ట్ పొలార్డ్ రూపొందించిన పద్ధతి ప్రకారం 1976 నుంచి సీతాకోకచిలుకలను క్రమం తప్పకుండా లెక్కిస్తున్నారు. వలస వెళ్లని 35 ఐరోపా జాతులను పరిశీలించిన కామిల్ పార్మెసాన్ బృందం, వాటిలో 63 శాతం జాతుల ఆవాసం ఇరవయ్యో శతాబ్దిలో 35 నుంచి 240 కిలోమీటర్ల మేర ఉత్తరానికి జరిగిందని 1999లో ప్రకటించింది. అక్కడి జీవులకు చలి ప్రధానమైన హద్దు. వేడి పెరిగితే హద్దు జరుగుతుంది. మన ప్రాంతంలో హద్దు చలి కాదు, నీరు. కాబట్టి ఐరోపా నమూనాను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేము. ఇక్కడి ప్రశ్నను ఇక్కడి వాన నుంచే మొదలుపెట్టాలి.

2. కొండ, లోయ, వాన

ఆళ్లగడ్డ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉంది. అంతకుముందు అది కర్నూలు జిల్లాలో భాగం. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. ఈ రెండు కొండల వరుసల నడుమ కుందూ నది ప్రవహించి పెన్నలో కలుస్తుంది. లోయ అంతా ప్రధానంగా నల్లరేగడి. కొండలపై ఆకురాల్చే అడవి. ఆళ్లగడ్డకు సమీపంలోని అహోబిలం ఈ రెండు లోకాలు కలిసే చోటు. దిగువ అహోబిలంలో పొలాలు, ఎగువ అహోబిలంలో లోయలు, వాగులు, రాతిగోడలు.

ఈ సీమలో ఏడాది వర్షపాతం స్థూలంగా 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు జూన్ – సెప్టెంబరు నెలల నైరుతి ఋతుపవనాలవల్ల లభిస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు వానలది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండ తీవ్రమవుతూ అడవి ఆకు రాలుస్తుంది.

సీతాకోకచిలుక బతుకు ఈ క్రమానికి ముడిపడి ఉంది. తల్లి తన జాతికి తగిన మొక్కను వెతికి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగుకు లేత ఆకు కావాలి. నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, మారేడు, కరివేపాకు. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. కామన్ ఎమిగ్రెంట్‌కు రేల, మోదుగ. కామన్ క్రోకు మర్రి, రావి, గన్నేరు, సుగంధిపాల. క్రిమ్సన్ రోజ్‌కు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు. వాన పడితే చిగురు, చిగురు ఉంటే పురుగు, పురుగు బతికితే మూడు నాలుగు వారాలకో, కొన్ని జాతుల్లో మరికొంత ఆలస్యంగానో రెక్కల జీవి. అందుచేత సీతాకోకచిలుకల సంఖ్య వాన వెంటనే కాక, వాన తరువాత కొంత వ్యవధికి పెరుగుతుంది. అక్టోబరులో కనిపించే సమృద్ధి ఆగస్టు, సెప్టెంబరు వానల ఫలితం. ఒక తరం తరువాత మరో తరం వస్తూ సంఖ్య పేరుకుపోతుంది కాబట్టి వానల మధ్య వచ్చే దీర్ఘమైన ఎడం ఆ వరుసను తెంపుతుంది.

3. భాషలో నిలిచిన ఋతుజ్ఞానం

ఈ జీవికి తెలుగు పెట్టిన పేరు గమనార్హం. ఆకు తినే దశలో అది గొంగళిపురుగు. ఎగిరే దశలో సీతాకోకచిలుక. గొంగళి అంటే గొర్రెల కాపరి కప్పుకొనే ముతక ఉన్ని కంబళి. కోక అంటే చీర. ముతక గొంగళి వదిలి సీతమ్మ కోక కట్టినట్లుగా రెండు దశలకూ బట్టల పేర్లే అమరాయి. ఈ రెండు పేర్లూ ఒకే ఆలోచనలో పుట్టాయని చెప్పడానికి ఆధారం అవసరం. కాని రెండింటినీ పక్కపక్కన పెడితే, రూపపరిణామాన్ని వేషం మార్పుగా చూసిన దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. గొంగళి కప్పుకొనేది చలికీ వానకూ అన్న విషయం రాయలసీమ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

కాలంతో నేరుగా ముడిపడిన పేరు మరొకటి ఉంది. తొలకరి వానలకు నేలపైకి వచ్చే ఎర్రని మఖమల్ లాంటి చిన్న జీవిని ఆరుద్ర పురుగు అంటాం. శాస్త్రప్రకారం అది కీటకం కాదు. సాలీడు వర్గానికి దగ్గరైన నల్లి జాతి జీవి. వర్గీకరణ ఎలా ఉన్నా, ఆ పేరులో ఒక పరిశీలన నిక్షిప్తమై ఉంది. ఈ జీవి ఆరుద్ర కార్తె ప్రాంతంలో, వాన పడ్డాక కనిపిస్తుంది. జీవుల రాకపోకల కాలాన్ని నమోదు చేసే శాస్త్రాన్ని నేడు ప్రత్యేకశాఖగా గుర్తిస్తున్నారు. ఆ నమోదును తెలుగు రైతు ఒక్క పేరులో చేశాడు.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం. 27 నక్షత్రాలకు 27 కార్తెలు. ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు. రోహిణి కార్తె మే చివరి వారంలో, మృగశిర జూన్ మొదటి పక్షంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. హస్త సెప్టెంబరు చివర, స్వాతి అక్టోబరు చివర వస్తాయి. ఉగాది, ఏరువాక పున్నమి వంటివి చాంద్రమానాన్ని అనుసరిస్తాయి కాబట్టి ఇంగ్లీషు తేదీల్లో ఏడాదికేడాదికి ముందూ వెనుకా జరుగుతాయి. కార్తె సౌరమానం; అది దాదాపు ఒకే తేదీకి వస్తుంది. పండుగకు తిథిని, సేద్యానికి కార్తెను ఎంచుకోవడంలో రైతు విజ్ఞత ఉంది. ఋతువు సూర్యునితో నడుస్తుంది కదా.

అయితే పరిశోధకులు ఒక సవరణ పాటించాలి. కార్తె నక్షత్రాలను బట్టి లెక్కించేది కాబట్టి, ఋతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకకు జరుగుతుంది. 150 ఏళ్ల కిందటి మృగశిరకూ నేటి మృగశిరకూ మధ్య రెండు రోజుల తేడా వస్తుంది. పల్లెల జ్ఞాపకాలను పోల్చడానికి ఇది అడ్డు కాదు. రోజుల తేడాలను లెక్కగట్టే పరిశోధనలో మాత్రం దీనిని విస్మరించరాదు.

4. ఒక జీవికి రెండు పేర్లు

ఋతువును గమనించకపోతే ఏమవుతుందో శాస్త్రచరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1758లో లిన్నేయస్ రెండు సీతాకోకచిలుకలకు రెండు పేర్లు పెట్టాడు. ఒకటి అల్మానా, మరొకటి ఆస్టరీ. ఒకదాని రెక్కల అడుగుభాగం ఎండుటాకులా ఉంటుంది; అంచులు కోణాలు తేలి ఉంటాయి. రెండవదాని అడుగుభాగంలో కళ్లలాంటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి. చూసినవారెవరైనా వేరు జాతులనే అనుకుంటారు. నిజానికి రెండూ ఒకటే జాతి. మొదటిది ఎండకాలపు రూపం, రెండవది వానకాలపు రూపం. నేడు దీనిని పీకాక్ పాన్సీ అంటున్నారు. నీరుగొబ్బి వంటి చిత్తడినేల మొక్కలపై దీని పిల్లపురుగు పెరుగుతుంది. వరిపైనా ఇతర గడ్డిజాతులపైనా పెరిగే ఈవెనింగ్ బ్రౌన్‌కూ ఇదే జరిగింది. లిన్నేయస్ దానిని 1758లో లేడా అన్నాడు. దాని ఎండకాలపు రూపం 1775లో క్రామర్ చేతిలో ఇస్మీన్ అయింది.

ఐరోపాకు చేరిన నమూనాలకు ఊరి పేరు ఉంటే ఉండేది, వాన సంగతి ఉండేది కాదు. మేకుకు గుచ్చిన రెక్క ఏ ఋతువులో ఎగిరిందో పెట్టెలో తెలియదు. ఈ చిక్కును విప్పడానికి జీవి ఉన్నచోటే దానిని పెంచవలసి వచ్చింది. కలకత్తాలో పనిచేసిన లయొనెల్ డి నైస్‌విల్ (1852–1901) 1880 దశకంలో గడ్డిపై బతికే గోధుమరంగు సీతాకోకచిలుకలను గుడ్డు నుంచి పెంచి, వేర్వేరు జాతులుగా భావించినవి ఒకే జాతి ఋతురూపాలని చూపాడు. 1905, 1907 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా వెలువడిన బింగ్‌హామ్ గ్రంథంలో వానకాలపు తరం, ఎండకాలపు తరం అన్న విభజన వర్ణనలో సాధారణ భాగమైపోయింది.

ఈ రెండు రూపాలకూ కారణం జన్యుభేదం కాదు. పిల్లపురుగు దశలో లభించిన వేడి, తేమ వంటి సూచనలు. వానకాలంలో చురుకుగా ఎగిరే జీవికి కంటిమచ్చలు రక్షణ. పక్షి ముక్కు తల మీద పడకుండా రెక్క అంచుపై పడుతుంది. ఎండకాలంలో ఆకు రాలిన నేలపై కదలకుండా గడపవలసిన జీవికి ఎండుటాకు రూపమే రక్షణ. మరి వాన ఆలస్యమైతే? వానకాలపు సూచనలతో పెరిగిన తరం ఎండిన నేలలోకి ఎగిరివస్తే? అప్పుడు ఆ వేషం దానికే శత్రువవుతుంది. వాతావరణపు మార్పు జీవికి కలిగించే నష్టం వేడివల్ల మాత్రమే కాదు, కాలం తప్పడంవల్ల కూడా అన్న అంశం ఇక్కడ స్పష్టమవుతుంది.

5. కరువు సంవత్సరాల సాక్ష్యం

ఈ సీమ వానల చరిత్రలో ధాత కరువు అతి బాధాకరమైన ఘట్టం. 1876లో ఋతుపవనాలు విఫలమై 1878 వరకు సాగిన ఆ కరువులో కర్నూలు జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. జనాభా లెక్కల ప్రకారం 1871లో 9,14,432గా ఉన్న జిల్లా జనాభా 1881 నాటికి 6,78,551కి పడిపోయింది. అంటే నాలుగింట ఒక వంతుకు పైగా తగ్గింది. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఈ కరువు జ్ఞాపకం పచ్చిగా ఉన్న రోజులకు చెందినది. దాని కర్త నరహరి గోపాలకృష్ణమ శెట్టి. 1872లో 'శ్రీరంగరాజు చరిత్ర' రాసి తెలుగు నవలా చరిత్రలో ప్రవేశించిన రచయిత ఆయనే అన్నది సాహిత్య విద్యార్థులకు తెలిసిన విషయం.

ఆ కరువు వెనుక ఉన్న వాతావరణ యంత్రాంగం క్రమంగా బయటపడింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి నాయకుడైన మరుసటి ఏడాదే కరువు మొదలైంది. 1904 నుంచి 1924 వరకు ఆ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్ – హిందూ మహాసముద్రాల మీది వాయుపీడనం ఊయలలా మారుతుండడాన్ని గుర్తించి దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్ నినోతో దానికి గల సంబంధాన్ని 1960 దశకంలో బ్యెర్క్‌నెస్ వివరించాడు. 1877–78 చరిత్రలో నమోదైన బలమైన ఎల్ నినోలలో ఒకటి. ఎక్కడో పెరూ తీరాన నీరు వేడెక్కితే కుందూ లోయలో చిగురు రాకపోవచ్చు.

కరువు ఏట సీతాకోకచిలుకలకు ఏమి జరిగి ఉంటుందో ఊహించడానికి 1976 నాటి బ్రిటన్ అనుభవం ఉపకరిస్తుంది. లెక్కింపు మొదలైన ఆ ఏడాదే అక్కడ తీవ్రమైన అనావృష్టి. ఎండ వేసిన ఆ వేసవిలో సీతాకోకచిలుకలు బాగానే కనిపించాయి. పురుగులు తినవలసిన మొక్కలు వాడిపోయినందువల్ల మరుసటి ఏడాది అనేక జాతులు పడిపోయాయి. అంటే కరువు దెబ్బ కరువు ఏటనే కాక తరువాతి ఏట కూడా కనిపిస్తుంది. ఏ సంవత్సరాన్ని మొదలుగా తీసుకున్నామన్నదానిపై తగ్గుదల, పెరుగుదల అన్న తీర్పే మారిపోతుంది. ఆళ్లగడ్డలో రేపు ఎవరు లెక్క మొదలుపెట్టినా ఆ ఏటి వానను, అంతకుముందు ఏటి వానను కూడా పక్కన రాసుకోవలసిందే.

6. కాలువ తెచ్చిన మార్పు

వానే సర్వమూ అనడం లోయకు పూర్తిగా వర్తించదు. తుంగభద్రపై సుంకేసుల నుంచి బయలుదేరే కర్నూలు – కడప కాలువను 1860 దశకంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. తరువాతి శతాబ్దిలో తెలుగుగంగ నీరు ఈ సీమకు చేరింది. జొన్న, పత్తి పండే రేగడిలో వరి విస్తరించింది.

దీనితో ఒకే మండలంలో రెండు కాలమానాలు ఏర్పడ్డాయి. అహోబిలం కొండల్లో చిగురు వాన మాట వింటుంది. కింది పొలాల్లో గడ్డి, కలుపు, గట్ల మీది మొక్కలు కాలువ మాట వింటాయి. వరిపై బతికే ఈవెనింగ్ బ్రౌన్‌కు కాలువ మేలు చేయవచ్చు. మెట్ట రేగడి గట్లపై మొలిచే గాడిదగడపాకును నమ్ముకున్న క్రిమ్సన్ రోజ్‌కు అదే నీరు, ఆ నీటి వెంట వచ్చిన పురుగుమందు, గట్టు చదును మేలు చేయకపోవచ్చు. కాబట్టి పొలంలోని సంఖ్యను మాత్రమే చూసి వాతావరణాన్ని నిందించడం గాని, అభినందించడం గాని తగదు. కొండనూ లోయనూ వేర్వేరుగా లెక్కించి పోల్చినప్పుడే వాన ప్రభావం, మనిషి ప్రభావం విడివిడిగా తేలుతాయి. ఈ పోలికకు అహోబిలం – ఆళ్లగడ్డ దారి వంటి చోటు దొరకడం పరిశోధకులకు అదృష్టమే.

7. వలస అనే మరో చిక్కు

కనిపించకపోవడం అంటే చనిపోవడం కాదు. దక్షిణ భారతంలో బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో వంటి జాతులు ఋతుపవనాలను అనుసరించి పెద్ద గుంపులుగా వలస వెళతాయి. నైరుతి వానలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాలకు, వానలు ముగిసే రోజుల్లో తూర్పు నుంచి తిరిగి పడమటికి సాగుతాయి. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన కృష్ణమేఘ్ కుంటే ఈ వలసలపై 2005లో పరిశోధన ప్రకటించాడు. వలసలో ఉన్న ఆడ సీతాకోకచిలుకలు గుడ్ల అభివృద్ధిని వాయిదా వేసి శక్తిని ఎగరడానికి వినియోగిస్తాయని వైశాలీ భౌమిక్‌తో కలిసి 2018లో వివరించాడు.

ఈ పరిశీలనలు ప్రధానంగా తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రాంతాలవి. నల్లమలకు వాటిని నేరుగా అన్వయించరాదు. అయినా అవి నేర్పే జాగ్రత్త ఇక్కడికీ వర్తిస్తుంది. ఒక్క ఊరి లెక్క ఆ ఊరి వాననే కాక దూరపు కొండల వానను కూడా ప్రతిబింబిస్తుంది. పైగా ఈ వలసజాతుల మగవి నాగదంతి, గిలిగింత వంటి మొక్కల మీద గుంపులుగా వాలి, వాటిలోని క్షారపదార్థాలను గ్రహిస్తాయి. అలాంటి ఒక్క పొద దగ్గర కనిపించిన వందల సంఖ్యను ప్రాంతమంతటి సమృద్ధిగా భావించడం పొరపాటు.

8. మారుతున్న వాన, చేయవలసిన పని

కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం 1901–2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951–2015 మధ్య నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. సగటు కన్నా పంపిణీ ముఖ్యం. 2009లో దేశవ్యాప్తంగా నైరుతి వర్షపాతం సాధారణంలో 78 శాతమే. అదే ఏడాది అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలు నగరం మునిగింది. లెక్క పుస్తకంలో లోటు, నేల మీద వరద. ఇలాంటి ఏట పిల్లపురుగు మొదట ఆకులేక మాడుతుంది, తరువాత కుండపోతకు కొట్టుకుపోతుంది.

కాబట్టి ఈ ప్రాంతానికి తగిన లెక్కింపు జనవరితో కాక మృగశిరతో మొదలుకావాలి. బ్రిటన్ పద్ధతిలో ఒకే దారిలో, ఒకే వేగంతో, వారానికొకసారి నడిచి, అటూ ఇటూ కలిపి ఐదు మీటర్ల వెడల్పులో కనిపించినవాటిని రాస్తారు. ఇది ఖర్చు లేని పని. డిగ్రీ కళాశాల విద్యార్థులు చేయగలది. తేదీతోపాటు కార్తె, తొలి గట్టివాన పడి ఎన్ని వారాలైంది అన్న వివరం కూడా నమోదు కావాలి. 1906లో నెలకొన్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి సంస్థ సమీపంలో ఉండడం ఇలాంటి పనికి అనుకూలాంశం.

రెండవ పని తెలుగు పరిశోధకులది. ఏ కార్తెలో ఏ పురుగు వస్తుంది, ఏ తీగ చిగురిస్తుంది, ఏ వాగు దగ్గర రెక్కల గుంపులు వాలుతాయి అన్న ఎరుక నల్లమల చెంచులలోనూ, లోయలోని వృద్ధ రైతులలోనూ ఉంది. 1943లో ఫ్యూరర్ హైమెండార్ఫ్ చెంచులపై గ్రంథం వెలువరించినప్పుడు అది మానవశాస్త్ర విషయం. నేడు అలాంటి సేకరణ వాతావరణ చరిత్రకు కూడా ఆధారం. మాండలిక పదకోశం తయారుచేసేటప్పుడు మొక్క పేరు, పురుగు పేరు రాసుకుని ఊరుకోక, ఆ పేరు ఏ కాలానిదో కూడా అడగాలి. చెప్పేవారి పేరు, ఊరు వారి సమ్మతితోనే నమోదు చేయాలి.

9. ముగింపు

లిన్నేయస్ కాలంలో ఋతువు తెలియక ఒక జాతిని రెండుగా లెక్కించారు. మన కాలంలో ఋతువును మరచి, లేని తగ్గుదలను చూడవచ్చు, ఉన్న తగ్గుదలను చూడకపోవచ్చు. రెండవ ప్రమాదమే పెద్దది. ఒక ఏటి మంచి వాన పదేళ్ల క్షీణతను కప్పివేయగలదు. దీనికి విరుగుడు జీవిని వానతో కలిపి చదవడం; కొండను లోయ నుంచి విడదీసి చూడడం; కరువు ఏటిని కరువు ఏడుగా గుర్తించడం.

ఆరుద్ర కార్తె ఏటా అదే తేదీకి వస్తుంది. వాన మాత్రం ఆ తేదీకి రావడం లేదని రైతులు చెబుతున్నారు. కార్తెకూ వానకూ మధ్య ఏర్పడుతున్న ఎడమే ఈ ప్రాంతంలో వాతావరణ మార్పుకు తెలుగులో చెప్పగల కొలమానం. ఆ ఎడాన్ని కొలిచే జీవులు మన గట్ల మీద ఉన్నాయి. వాటిని ఏ కాలంలో చూడాలో చెప్పే మాటలు మన భాషలో ఉన్నాయి. ఆ మాటలు తెలిసిన తరం ఉండగానే ఈ రెండింటినీ ఒకే పుస్తకంలోకి చేర్చడం నేటి పరిశోధకుల బాధ్యత.